నేను ఎంచిన ప్రాసెసర్... అన్నయ్య కంప్యూటర్

మా చిన్నతనంలో... కార్ఖానా ఏరియాలో మేముండే రెండు గదుల వాటాలోకి కంప్యూటర్ రాబోతోందని నాన్న చెప్పిన రోజు, నాకు అన్నం సహించలేదు. సంతోషంతో.

నాన్న గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. శ్రీకాకుళం నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఊరంతా సాఫ్ట్‌వేర్ మాటే... ఏ గోడ మీద చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. అన్నయ్య ఇంజనీరింగ్‌లో చేరాడు. నాన్న కంప్యూటర్ కోసం పీఎఫ్ లోను పెట్టారు. ముప్పై వేలు, అంతకి మించకూడదన్నారు.

నాకు పదిహేనేళ్ళు. ఒకసారి ఫ్రెండు వాళ్ళింట్లో కంప్యూటర్ మీద కారు రేసు ఆడా... ఇక అదే ధ్యాస. రాంగోపాల్‌పేట్‌లో పాత పేపర్ల కొట్లో కంప్యూటర్ పత్రికలు కిలో లెక్కన దొరికేవి. పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా రెండు మూడు తెచ్చుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేదాన్ని.

చదవగా చదవగా ఒకటి అర్థమైంది. అందరూ పేరున్న కంపెనీ ప్రాసెసరే కావాలంటారు. అది కొంటే డబ్బంతా దానికే పోతుంది, ఆట మాత్రం ఆగి ఆగి నడుస్తుంది. ఇంకో కంపెనీది చవక. వేగంలో పెద్ద తేడా లేదు. కాస్త వేడెక్కుతుందంతే, మంచి ఫ్యాను పెడితే సరి. మిగిలిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు వేయించొచ్చు. బొమ్మ తెర మీద సాఫీగా కదలాలంటే కావలసింది అదే...

రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి... నెల రోజులకి లిస్టు తయారైంది.

పార్క్‌లేన్‌లో ఓ మేడ మీద చిన్న షాపు. నాన్న, అన్నయ్య, నేను వెళ్ళాం. షాపాయన అన్నయ్యని అడిగాడు.

"ప్రాసెసర్ ఏది ఎయ్యమంటవ్ తమ్మీ?"

అన్నయ్య నా వైపు చూశాడు. నేను కాగితం తీసి చదివా. ఏది ఎందుకో కూడా చెప్పా. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మొత్తం విన్నాడు.

"ఎవరు చెప్పిన్రు పాపా నీకు గివన్నీ?"

"చదివానండి."

ఆయన నాన్న వైపు తిరిగాడు. "సార్, పాప కరెక్ట్ చెప్పింది. గీ పైసల్ల ఇంతకంటె మంచి సెట్ రాదు. నా దగ్గరికి వచ్చే పెద్దోళ్ళకు సుత ఇంత తెల్వదు."

నాన్న నవ్వారు. "మావాడే చెప్పి రాయించుంటాడు లెండి. దీనికేటి తెలుసు."

అన్నయ్య కాదనలేదు. గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

నేను కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకున్నా. మాట్లాడితే కంప్యూటరే వద్దంటారేమోనని భయం.

కంప్యూటర్ని ముందు గదిలో అన్నయ్య మంచం పక్కన పెట్టారు. అమ్మ పాత చీర చింపి దానికి ముసుగు కుట్టింది. నేను బడి నుంచి వచ్చాక, అన్నయ్య కాలేజీ నుంచి రాకముందు ఒక గంట దొరికేది. ఆ గంట నాది. కారు మలుపు తిరుగుతుంటే నేనూ కుర్చీలో పక్కకి వంగిపోయేదాన్ని... బొమ్మ ఎక్కడా ఆగేది కాదు. నా లెక్క తప్పలేదు.

ఓ ఆదివారం అన్నయ్య ఫ్రెండ్స్ ముగ్గురు వచ్చారు. నేను టీ తీసుకెళ్ళేసరికి ఒకతను అంటున్నాడు, "ఈ కాన్ఫిగరేషన్ భలే పట్టావురా. మాకంటే తక్కువలో ఎంత స్మూత్‌గా నడుస్తోంది."

"రెండు నెలలు రీసెర్చ్ చేశా మరి," అన్నాడు అన్నయ్య.

నేను గ్లాసులు పెడుతుంటే అతనే సరదాకి, "నువ్వూ ఒక రౌండ్ ఆడు చెల్లీ" అన్నాడు. కూర్చున్నా. ముగ్గురినీ ఓడించా... చివర్లో అన్నయ్యని కూడా. వాళ్ళు పడీ పడీ నవ్వారు. అన్నయ్య నవ్వలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడిగింది.

నాన్న రాగానే చెప్పా. "అది ఎంచింది నేను నాన్నా."

"నీకేటి పని దాంతో? వాడి చదువు కోసం కొన్నాం."

"వాడూ ఆటలే ఆడుతున్నాడు కదా."

"మగపిల్లాడు, కాసేపు ఆడుకుంటాడు. నువ్వెళ్ళి అమ్మకి సాయం చెయ్యి, అమ్మలూ."

అమ్మ వంటింట్లో అంతా వింది. నా చేతికి చిక్కుడుకాయల పళ్ళెం ఇచ్చింది... నా మొహం మాత్రం చూడలేదు.

టెన్త్‌లో లెక్కల్లో తొంభై ఆరు వచ్చాయి. ఎంపీసీ తీసుకుంటానన్నా. ఇద్దరినీ ఇంజనీరింగ్ చదివించలేనని నాన్న నన్ను ఇంటికి దగ్గర్లో ఉన్న కాలేజీలో సీఈసీలో వేశారు. అన్నయ్యకి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, ల్యాప్‌టాప్ వచ్చింది. ఓ సాయంత్రం కాలేజీ నుంచి వస్తే ముందు గదిలో బల్ల ఖాళీగా ఉంది. కంప్యూటర్ కాప్రాలో ఉండే ఫ్రెండుకి ఇచ్చేశానన్నాడు అన్నయ్య.

"నన్నొక్క మాట అడగొచ్చు కదా అన్నయ్యా."

"పాతదైపోయిందే... నువ్వేం చేసుకుంటావ్?" నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. అదే ఇప్పటికీ మింగుడు పడదు.

ఇప్పుడు నేనో స్కూలు ఆఫీసులో పనిచేస్తున్నా. పోయినేడు నా జీతంతో మంచి కంప్యూటర్ కొనుక్కున్నా. ప్రాసెసర్ నేనే ఎంచుకున్నా, ఎవరూ ఏమీ అనలేదు. కారు రేసు పెట్టుకుని కూర్చున్నా... చేతులు సాగలేదు. మనసు అసలే లేదు. పది నిమిషాలకి ఆపేసి బియ్యం కడగడానికి లేచా.

ఈ రోజుల్లో ఇంట్లో తలకొక ఫోను, తలకొక తెర... ఎవరి ఆట వాళ్ళది. మంచిదే. నా పదిహేనో ఏడు మాత్రం మళ్ళీ రాదు.

మీ ఇంట్లో మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు కుర్చీలో ఎవరు కూర్చున్నారు... వెనక ఎవరు నిలబడి చూశారు? నిలబడ్డవాళ్ళు రాయండి. కూర్చున్నవాళ్ళ కబుర్లు చాలా విన్నాం.