అడిగి తెచ్చిన కత్తెర

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా క్లాసులో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ఈ మాట చెబితే మా మనవరాలు నమ్మదు. దాని క్లాసులో నలభై ముగ్గురు. అయితే అటెండెన్స్ ఎవరిది తీసుకునేవాళ్ళు అని అడుగుతుంది. నాదే తీసుకునేవారు. మా టీచరమ్మ రోజూ పొద్దున రిజిస్టరు తెరిచి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఇంటిపేరుతో సహా నా పేరు పిలిచేవారు. రెండడుగుల దూరంలో కూర్చున్న నేను లేచి నిలబడి 'హాజరు' అనేదాన్ని. ఆవిడ గీత గీసి రిజిస్టరు మూసేవారు. ఆ తర్వాత కాసేపు ఇద్దరికీ ఏం చేయాలో తోచేది కాదు.

అది కాటన్‌పేటలో పరుపులు కుట్టే కొట్ల వెనక సందులో ఉన్న చిన్న బడి. మా అమ్మ నర్సు. నాన్న పోయాక, ఒంగోలు దగ్గర మా ఊరు వదిలి, బెంగళూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో పని దొరికితే నన్ను వెంటబెట్టుకుని వచ్చేసింది. ఏడాదో రెండేళ్ళో ఉండి వెనక్కి వెళ్ళిపోదామని ఆమె అనుకునేది. అందుకే నన్ను తెలుగు సెక్షన్‌లో వేసింది. ఆ పేటలో ఎప్పటినుంచో స్థిరపడ్డ తెలుగు వ్యాపారుల పిల్లల కోసం పెట్టిన సెక్షన్ అది. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు తొమ్మిదిమందిమి. ఎండాకాలం సెలవులయ్యి తిరిగి వెళ్ళేసరికి అయిదుగురు ఇంగ్లీషు బళ్ళలో చేరిపోయారు. ఇద్దరు చిక్కపేటలోని ఇంకో బడికి మారారు. ఒక పిల్ల వాళ్ళు కాపురమే హోసూరుకి మార్చేశారు. నేను మిగిలాను.

మా గదికీ పక్కనున్న కన్నడం సెక్షన్‌కీ మధ్య చెక్క గోడ. అటువైపు ముప్పై మంది పిల్లలు ఒకేసారి పాఠం అప్పజెబుతుంటే చెక్కలు అదిరేవి. ఇటువైపు నేను పలక మీద రాస్తే ఆ బలపం చప్పుడు నాకే వినిపించేది.

మా టీచరమ్మ ఆ పేటలోనే పుట్టి పెరిగిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కరే ఉండేవారు. పిల్ల ఒక్కతే ఉంది కదా అని ఆవిడ ఏదీ తగ్గించలేదు. మా గది గోడకు గోధుమరంగు కాగితంతో చేసిన చెట్టు ఒకటి ఉండేది. కాలం మారినప్పుడల్లా దాని కొమ్మలకు కొత్తవి అంటించేవాళ్ళం. వానాకాలంలో నీలం కాగితం చినుకులు, చలికాలంలో నక్షత్రాలు, ఉగాదికి ఆకులు. ఒక్కో కాగితం మీద ఒక్కో మాట మేమే రాయాలి. మేమందరం చదవడం నేర్చుకున్నది ఆ చెట్టు మీదే.

వానలు మొదలవగానే ఆడే ఆట ఒకటుంది. ఒకరు వానకు సంబంధించిన మాట చెబితే పక్కవాళ్ళు ఇంకోటి చెప్పాలి. ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. ఆ ఏడాది నేను 'చినుకు' అంటే, టీచరమ్మ నా పక్కన కూర్చుని 'గొడుగు' అనేవారు. లేచి వెనక బెంచీలో కూర్చుని 'బురద' అనేవారు. కిటికీ దగ్గరికి వెళ్ళి 'కప్ప' అనేవారు. అప్పుడు మళ్ళీ నా వంతు. ఆ బరువైన మనిషి కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని బెంచీల మధ్య అలా తిరుగుతుంటే నాకు నవ్వాగేది కాదు. నవ్వు ఆగాక మాత్రం గది ఇంకా పెద్దదిగా కనబడేది.

మా అమ్మకు మధ్యాహ్నం డ్యూటీ పడ్డ వారాల్లో నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉండేది. తాళంచెవి నా మెడలో దారానికి ఉండేది. తలుపు తీసుకుని, అమ్మ మూతపెట్టి ఉంచిన అన్నం తిని, ఆ ఆటే ఒక్కదాన్నే ఆడుకునేదాన్ని. మంచం మీద కూర్చుని ఒక మాట, పీట మీద కూర్చుని ఒక మాట, గడప మీద ఒకటి. ఒక్కోచోట ఒక్కో గొంతు. ఒకరోజు అమ్మ అనుకున్నదానికంటే ముందే వచ్చింది. ఎంతసేపు నిలబడి చూసిందో తెలియదు.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంది.

'మా క్లాసు వాళ్ళతో' అన్నాను. అమ్మ మంచం మీద కూర్చుని చాలాసేపు బూట్ల తాళ్ళు విప్పుకుంటూ ఉండిపోయింది. మర్నాడు పొద్దున నాతో బడికి వచ్చి, మెట్ల దగ్గర టీచరమ్మతో ఏదో మాట్లాడి వెళ్ళింది.

ఆ వారం నుంచే మా గదిలో వస్తువులు అయిపోవడం మొదలైంది.

మొదట గమ్ము అయిపోయింది. "పాపా, గమ్ము అయిపోయుండాది. పక్క క్లాసుకు పోయి ఇప్పించుకోని రా," అన్నారు టీచరమ్మ. ఒక చీటీ మీద కన్నడంలో రాసి ఇచ్చారు. అది నేనే అక్కడ పైకి చదవాలట. కన్నడ అక్షరాలు నాకు రావన్నాను. "అక్షరాలు మనవాటి మాదిరే ఉంటాయి. తలకట్టు మాత్రం వేరే," అని వేలు పెట్టి చూపించారు. నాలుగుసార్లు చదివించి పంపారు.

ఆ గుమ్మం దగ్గర నిలబడితే ముప్పై తలలు నావైపు తిరిగాయి. చీటీలో ఏం చదివానో నాకే తెలియదు. అక్కడి మేష్టారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. "కూత్కో, హుడుకి కొడ్తీని," అన్నారు. కూర్చో, వెతికి ఇస్తాను అని. ఆయన బల్ల మీదే గమ్ము సీసా ఉంది. అది చూడకుండా సొరుగులన్నీ వెతుకుతున్నారు. నేను ముందు బెంచీ చివర కూర్చున్నాను. పక్కన రెండు జడల పిల్ల ఒకతె నావైపు వంగి "నిన్న హెసరేను?" అంది. నీ పేరేంటి అని ఆ పిల్ల అడిగింది. నాకు 'నిన్న' ఒక్కటే అర్థమై, నిన్న ఆదివారం అని తెలుగులో జవాబు చెప్పాను. అందరూ నవ్వారు. గమ్ము తీసుకుని పరిగెత్తి వచ్చి, ఇంకెప్పుడూ అక్కడికి వెళ్ళనని ఏడ్చాను.

టీచరమ్మ నా కళ్ళు తుడిచారు కానీ మానలేదు. రెండు రోజులకి కత్తెర కనబడలేదు. మరో రోజు రంగు సుద్దముక్కలు అయిపోయాయి. ఇంకో రోజు సూది, దారం. ఏ కాలానికి ఏది చేద్దామన్నా అందులో ఒక వస్తువు మా గదిలో ఉండేది కాదు. ఇంత పెద్దావిడకు ఇంత మతిమరుపేమిటని జాలిపడేదాన్ని. దసరా సెలవులు వచ్చేసరికి చీటీలు తడబడకుండా చదువుతున్నాను. రెండు జడల పిల్ల పేరు తెలిసింది. నా పేరు ఆ పిల్లకు తెలిసింది. కత్తెర ఇచ్చేటప్పుడు పిడి నావైపుకి తిప్పి ఇచ్చేది. అయినా గది దాటి ఇవతలికి వస్తే నేను మళ్ళీ ఒక్కదాన్నే.

డిసెంబరు వచ్చింది. ఇక్కడ అది అనపకాయల కాలం. కన్నడంలో అవరెకాయి అంటారు. సందు మొగలో గుట్టలు పోసి అమ్మేవాళ్ళు. ఆ చలిలో పొద్దునపూట ఏ ఇంటి ముందు చూసినా ఆడవాళ్ళు కూర్చుని ఒలుస్తూ ఉండేవాళ్ళు. మా టీచరమ్మ ఏటా ఒకరోజు పిల్లలతో అనపకాయలు ఒలిపించి, ఆ గింజలతో నేల మీద అక్షరాలు పేర్పించేవారు. ఆ రోజు కూడా పెద్ద సంచి నిండా కాయలు తెచ్చారు. తొమ్మిదిమందికి తెచ్చినంత. సంచి దింపారో లేదో హెడ్ మిస్ట్రెస్ పిలుస్తున్నారని కబురొచ్చింది. ఒలుస్తూ ఉండు, వస్తానని వెళ్ళారు.

ఎంతసేపటికీ రాలేదు. ఆవిడ వచ్చేలోగా చాపా చార్టూ అన్నీ సర్దిపెడదామనుకున్నాను. బీరువాకి తాళంచెవి వేలాడుతోంది. చార్టు కాగితాల కోసం తలుపు తెరిచాను. కింది అరలో మూడు కత్తెరలు వరుసగా ఉన్నాయి. రెండు గమ్ము సీసాలు నిండుగా ఉన్నాయి. రంగు సుద్దల డబ్బా సీలు కూడా తీయలేదు. సూదులు, దారపు ఉండలు, అన్నీ ఉన్నాయి. ఆర్నెల్లుగా నేను పక్క గదిలో అడుక్కొచ్చినవన్నీ అక్కడే ఉన్నాయి.

అవి చూసి నాకు మొదట కోపం రాలేదు, భయం వేసింది. ఈవిడకు నేను భారమయ్యాను, కాసేపైనా ఎదురుగా లేకుండా ఉంటే బాగుండునని పంపేస్తోంది అనుకున్నాను. ఊళ్ళో నాన్న పోయినప్పుడు కూడా నన్ను అలాగే ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఏదో తెమ్మని పంపారు. నేను తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ బీరువా ముందు నాకు అదే గుర్తొచ్చింది. కాయలు వదిలేసి మూల బెంచీలో కూర్చున్నాను.

టీచరమ్మ వచ్చారు. తెరిచిన బీరువాను చూశారు, నన్ను చూశారు. తలుపు మూసి, నా పక్కన కూర్చున్నారు.

"నేనంటే మీకిష్టం లేదా టీచర్?" అన్నాను.

ఆవిడ పమిటతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఊరికే పోయి ఆడుకో అంటే నువ్వు పోవు పాపా. ఏదన్నా అడిగి తేవల్ల అంటే పోతావు. అందుకని దాచిపెడతా ఉండాను," అన్నారు. "నేను నాలుగు చోట్ల కూర్చున్నా ఒక మనిషినే కదా. ఏడేండ్ల పిల్లకు ఏడేండ్ల పిల్లలు కావల్ల," అన్నారు.

తర్వాత ఆఫీసులో ఏం చెప్పారో నెమ్మదిగా చెప్పారు. క్రిస్మస్ సెలవుల తర్వాత తెలుగు సెక్షన్ ఉండదు. నన్ను కన్నడం సెక్షన్‌లో కలుపుతారు. ఇంకెవరైనా పిల్లలు చేరతారేమోనని ఇన్నాళ్ళూ ఆగారట, చేరలేదు. అది చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. నాకు అడగాలనిపించింది ఒకటే.

"మరి మీరు ఎవరితో ఆడతారు?"

"ముందు కాయలు ఒలుద్దాం రా," అన్నారు టీచరమ్మ.

ఇద్దరం చాప మీద కూర్చుని ఒలిచాం. చేతులకు అనపకాయల జిడ్డు పట్టింది, గదంతా ఆ వాసన నిండింది. గింజలతో నా పేరు తెలుగులో పేర్చాను. దాని కింద టీచరమ్మ అదే పేరు కన్నడంలో పేర్చారు. పక్కపక్కన చూస్తే నిజంగానే పెద్ద తేడా లేదు. సంచిలో ఇంకా సగం కాయలు మిగిలాయి. ఇవి పక్క క్లాసుకి ఇచ్చి రానా అని నేనే అడిగాను. చీటీ రాసివ్వబోతే అక్కర్లేదన్నాను.

సంచి ఈడ్చుకుంటూ వెళ్ళి, గుమ్మంలో నిలబడి, వాటితో ఏం చేయాలో నాకొచ్చిన కన్నడంలో చెప్పాను. మేష్టారు బెంచీలు వెనక్కి జరిపించారు. కాసేపట్లో ఆ గది నేలంతా అక్షరాలే. రెండు జడల పిల్ల తన పేరు పేరుస్తూ, గింజలు చాలకపోతే నా ఒళ్ళో ఉన్నవి తీసుకుంది. నేను వెనక్కి తిరిగి చూస్తే టీచరమ్మ గుమ్మం బయట నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మని మేష్టారు అంటున్నారు. ఆవిడ నవ్వి, చేత్తో వద్దని సైగ చేసి, తన గదికి వెళ్ళిపోయారు.

జనవరి నుంచి నేను చెక్క గోడకు అటువైపు అయ్యాను. టీచరమ్మను ఆఫీసు రిజిస్టర్లు రాయడానికి పెట్టారు. కూర్చునేది మాత్రం ఆ పాత గదిలోనే. మొదటి రోజు గోడకు చెవి ఆనించి విన్నాను. ఏమీ వినబడలేదు. తర్వాత వినడం మర్చిపోయాను. నాకు ఆటలున్నాయి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళే స్నేహితురాలుంది, కొత్త భాషలో జోకులున్నాయి. ఊరికి వెళ్ళిపోదామన్న మాట అమ్మ కూడా మానేసింది.

ఒకరోజు మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్తూ ఆ గది కిటికీలోంచి చూశాను. ఉగాది దగ్గరికొచ్చింది. టీచరమ్మ ఒక్కరే కూర్చుని పచ్చ కాగితంతో ఆకులు కత్తిరిస్తున్నారు. నన్ను చూసి చెయ్యి ఊపారు. లోపలికి వెళ్దామనుకున్నాను. గమ్ము కావాలనో, కత్తెర కావాలనో అంటే చాలు. అంతలో తొక్కుడుబిళ్ళలో నా వంతొచ్చిందని వెనకనుంచి పిలిచారు. తర్వాత వద్దామని పరిగెత్తాను.

ఆ 'తర్వాత' అన్నది ఇక రాలేదు. ఉగాది సెలవయ్యాక వెళ్తే గదికి తాళం వేసి ఉంది. ఆవిడను కోలారు దగ్గర ఏదో బడికి మార్చారన్నారు. కొన్నాళ్ళకు విరిగిన బెంచీలు పెట్టడానికి ఆ గది తెరిచినప్పుడు లోపలికి వెళ్ళాను. చెట్టు నిండా పచ్చటి ఆకులు అంటించి ఉన్నాయి. ఒక్కదాని మీదా మాట రాసి లేదు.

నేనూ నర్సునే అయ్యాను. రిటైరయ్యి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు యలహంకలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చూడడానికి ఎవరూ రాని రోగి మంచం పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఊరికే దాటిపోలేకపోయేదాన్ని. ఇప్పుడూ అంతే. పార్కులో బెంచీ మీదైనా, మెట్ల కింద కుర్చీలోనైనా ఒక్కరే కూర్చుని కనబడితే ఆగి ఏదో ఒకటి అడుగుతాను. ఎక్కువసార్లు టైమెంతయిందని అడుగుతాను. చేతి గడియారాన్ని చీర కొంగు కింద దాచుకుని.