పొట్టు అట్ట

మా వడ్రంగి మేస్త్రి మొన్న శుక్రవారం పోయారు. కొత్తపట్నంలో, సొంత షెడ్డులో, టీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. ఫోన్ వచ్చేసరికి నేను ఒంగోలులో ఒక అపార్ట్‌మెంట్ వంటింట్లో కబోర్డు తలుపులు బిగిస్తున్నాను. అవి ఎలాంటి తలుపులో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆయన దగ్గర పన్నెండేళ్లు పనిచేశాను. ఏ ఇంటికి వెళ్లినా టేపు తీయకముందే ఇల్లాలిని ఒకటే అడిగేవారు, "తడి చెయ్యి పడే తలుపు ఏదమ్మా?" అని. సింకు కింద ఒక రకం చెక్క, పొయ్యి పక్కన ఒక రకం, అటకకు ఇంకో రకం. టేకును కూడా గుడ్డిగా నమ్మేవారు కాదు. "టేకైతే మాత్రం? పచ్చిది వేస్తే నెల తిరక్కుండా వంగిపోద్ది" అనేవారు. ప్లైవుడ్ కొంటే ఒక ముక్క కోసి, రాయి బరువు పెట్టి, మూడు రోజులు బకెట్టు నీళ్లలో ఉంచేవారు. పొర విడిందా, షీట్లన్నీ తిరిగి షాపుకే. ఆయన పేరు చెబితే షాపువాళ్లకు ఒళ్లు మండేది.

రంపపు పొట్టును జిగురుతో అదిమి, పైన టేకు బొమ్మ అచ్చేసిన కాగితం అంటించి అమ్మే బోర్డును ఆయన 'పొట్టు అట్ట' అనేవారు. నేను వేరుపడ్డాక అదే వాడటం మొదలుపెట్టాను. సంగతి తెలిసి ఒంగోలు వచ్చి మరీ తిట్టారు.

"ఏరా, సింకు కింద పొట్టు అట్ట వేస్తున్నావంటగా?"

"అందరూ అదే అడుగుతున్నారు మేస్త్రీ. చూడ్డానికి బాగుంటది."

"వాళ్లకి తెలవదు. నీకు తెలుసుగా?"

నాకు రోషం వచ్చింది. రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు.

శనివారం వెళ్లేసరికి ఆయన్ను రెడీమేడ్ పెట్టెలో పడుకోబెట్టి ఉన్నారు. టేకు రంగు, అద్దంలా మెరుపు. అంచు దగ్గర గోటితో గీకాను. పొట్టు రాలింది.

"ఎవడ్రా ఇది తెచ్చింది?" అని అరిచాను. "షెడ్డు నిండా చెక్కుంది. మూడు గంటలు ఆగండి, నేను చేస్తా."

పాస్టరు గారు నా భుజం పట్టుకున్నారు. "వానొచ్చేట్టుంది బాబూ. అయినా మట్టిలోకే కదా."

మట్టిలోకే కదా! బతుకంతా మంచి చెక్క కోసం కొట్లాడిన మనిషికి ఈ మాటా? సమాధుల తోట చేరేలోపే వాన పట్టుకుంది. గుంట దగ్గర దించేసరికి పెట్టె అంచులు ఉబ్బడం మొదలైంది. నా నోరు ఇంకా ఆగలేదు. పాస్టరు గారినీ, పెట్టె తెచ్చినవాళ్లనూ అందరినీ తిట్టాను. మట్టి వేస్తుండగా ఆయన అన్న మాట గుర్తొచ్చింది. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

సోమవారం ఒంగోలు వెళ్లి ఆ అపార్ట్‌మెంట్ వంటింట్లో సింకు కింద తలుపులు విప్పడం మొదలుపెట్టాను.

"మొన్ననేగా బిగించావు! మతి పోయిందా నీకు?" అంటూ ఇంటావిడ అంట్లు తోముతున్న చేత్తోనే వచ్చి తలుపు పట్టుకుంది.

ఆమె చెయ్యి తీశాక టేకు బొమ్మ మీద ఐదు వేళ్ల తడి అలాగే ఉంది.