సిద్ధాంత గ్రంథంలో నా చావు

నేను చనిపోయానని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రాసి ఉంది. గట్టి అట్ట వేసి, వెన్ను మీద బంగారు రంగు అక్షరాలు అద్ది, బీరువాలో భద్రంగా పెట్టారు. ఆ పుస్తకానికి డాక్టరేటు కూడా ఇచ్చారు. ఈ సంగతి చెబితే నవ్వినవాళ్ళు ఉన్నారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

తొంభైల మొదట్లో డిగ్రీ పూర్తిచేసి ఉదయగిరిలో ఖాళీగా ఉన్నప్పుడు ఒక పరిశోధక విద్యార్థి మా ఊరొచ్చాడు. చావు ఇళ్ళలో ఆడవాళ్ళు పాడే శోకాల మీద అతని పరిశోధన. ఎవరో నా దగ్గరికి పంపారు. నెలన్నర పాటు అతన్ని వెంటబెట్టుకుని తిరిగాను. మర్రిపాడు వైపు లారీలెక్కించాను, మేకల దొడ్ల దగ్గర కూర్చోబెట్టాను, కొత్త మనిషిని చూసి తలుపులు వేసుకున్న ముసలమ్మలను బతిమాలి తెరిపించాను. టేప్ రికార్డరు నా భుజానే ఉండేది. దాని పట్టీ ఒరుసుకుని పడిన మచ్చ ఇప్పటికీ చూపించగలను.

చివరికి మా అవ్వ దగ్గరికి తీసుకొచ్చాను. మా నాయన తల్లి. చుట్టుపక్కల ఎవరు పోయినా ఆమెకు కబురొచ్చేది. మాది బాప్టిస్టు కుటుంబం. పాస్టరు గారికి ఈ శోకాలు గిట్టవు. ఆయన ప్రార్థన ముగించి, సైకిలెక్కి మలుపు తిరిగేదాకా అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఆ తర్వాత ఎత్తుకునేది. ఆమె గొంతు లేస్తే దొడ్లో గొర్రెలు మేత ఆపి తలలెత్తేవి.

"శవం లేకుండా శోకమేందిరా?" అంది అవ్వ. "ఎత్తుకున్నాక అది ఊరికే పోతాదా?"

"మాటిచ్చినానవ్వా. యూనివర్సిటీ వాళ్ళు. పాడకపోతే నా పరువు పోతాది."

"నీ పరువు కోసరం నేను చావుపాట పాడాల్నా?" అని కాసేపు నన్నే చూసింది. "సరే. నువ్వు మాత్రం ఇంటికాడే ఉండు. యాడికీ పోబాక."

మధ్యాహ్నం. నాయన, అమ్మ చేలో ఉన్నారు. అతను టేపు మీట నొక్కబోయి ఆగి, నా వైపు తిరిగాడు. "తమ్ముడూ, కొంచెం బయట కూర్చుంటావా? నీ ఊపిరి రికార్డవుతోంది."

నెలన్నర నేను మోసిన పెట్టెలో నా ఊపిరి పడకూడదట. వెళ్ళి వసారాలో కూర్చున్నాను.

లోపల అవ్వ ఎత్తుకుంది. పాము కరిచిన మనవడి మీద శోకం. రెండో చరణంలో నా పేరు వినిపించింది. బడిలో రాయించిన పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు. అది మా గడప దాటి ఎవరికీ తెలియదు. నా కాళ్ళు కడిగారని, నా నోట్లో తులసి నీళ్ళు నిలవలేదని, నా చొక్కా దండెం మీదే ఆరుతోందని ఆమె పాడుతోంది. తలెత్తి చూశాను. నా చొక్కా దండెం మీద ఆరుతోంది.

పాట ఆగింది. అవ్వ నన్ను ఆ ఇంటిపిలుపుతోనే పిలిచింది. "ఊ" అన్నాను. అతను గుమ్మంలోంచి తల బయటపెట్టి పెదాల మీద వేలు ఉంచాడు. అవ్వ రెండోసారి పిలిచింది. ఇంకొంచెం గట్టిగానే "ఊ" అన్నాను. ఈసారి అతను చెయ్యి విసిరాడు, కుక్కను తోలినట్టు. మూడోసారి పిలిచింది. నోరు మూసుకున్నాను. నా గొంతు మీకు పనికిరాదు కదా, ఇంక చంపినా పలకను అనుకున్నాను. లోపల చాలాసేపు మాట లేదు. టేపు తిరిగే సన్నని కిరకిర తప్ప ఏమీ వినిపించలేదు.

అవ్వ బయటికొచ్చి నా మొహంలోకి చూసింది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

తర్వాత నాకు ఆత్మకూరులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. శనివారం ఇంటికొచ్చి సోమవారం పొద్దున బస్సుకు వెళ్ళేవాణ్ణి. నేను వీధి సగం దాటాక అవ్వ గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలిచేది. మూడుసార్లూ పలికేవాణ్ణి. వెనక్కి తిరిగి చూస్తే తల అడ్డంగా ఊపుతూ ఉండేది, పలికింది ఇంకెవరో అయినట్టు. వయసు మీద పడిందిలే అనుకున్నాను. ఆ పిలుపు మాత్రం బస్సులో సగం దారి దాకా చెవిలో ఉండేది.

ఏడెనిమిదేళ్ళకు నా మార్కుల జాబితాలో ఒక తప్పు దిద్దించుకోవడానికి ఆ విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. భోజనాల తర్వాత రమ్మన్నారు. ఆ తర్వాత కూడా కూర్చోబెట్టారు, అది వేరే కథ. పొద్దుపోక గ్రంథాలయంలోకి నడిచాను. ఒక హాలు నిండా సిద్ధాంత గ్రంథాలే. వెన్నులు చదువుకుంటూ వెళ్ళాను. వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద ఒకరు రాశారు. గొర్రెలకొచ్చే నీలినాలుక జబ్బు మీద ఒకరు. ఉదయగిరి కోట మీద ఒకరు, అదే కొండ మీద మొలిచే మొక్కల మీద ఇంకొకరు. సంగం కాలువ కింద నాట్లు వేసే కూలీల మీద, జలదంకి బావుల్లో నీళ్ళ మీద, మా మాట తీరు మీద. మేము తాగేది, తొక్కేది, మాట్లాడేది అంతా ముక్కలు కోసి అరల్లో సర్దినట్టుంది. ఆ హాల్లో నేను తప్ప మనిషి లేడు. ఊళ్ళు ఖాళీ చేసి అందరూ వచ్చి ఈ అట్టల మధ్య పడుకున్నారేమో అనిపించింది. అడుగు చప్పుడు కాకుండా నడవడం మొదలుపెట్టాను.

శోకాల పుస్తకం దొరికింది. ముందు కృతజ్ఞతల పుటలు చూశాను. గురువుగారికి, భార్యకు, టైపు చేసినవాడికి, ఆఖరికి మజ్జిగ ఇచ్చిన మా పక్కింటావిడకు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. నా పేరు లేదు. రెండుసార్లు చదివాను. లేదు.

లోపల అవ్వ పాట మొత్తం అచ్చువేసినట్టు ఉంది. దాని కింద ఇలా ఉంది: గాయని ఈ శోకాన్ని పాముకాటుతో మరణించిన తన మనవడిపై పాడింది. పాట ముగిశాక మృతుణ్ణి పేరుతో మూడుసార్లు పిలవడం ఆచారం. జవాబు ఉండదు.

రెండుసార్లు జవాబిచ్చాను నేను!

అంతటితో పోలేదు. పక్క అరల్లోవీ తిరగేశాను. మాట తీరు మీద రాసినావిడ ఆ పాటలోంచి నా చావు వాక్యాన్ని ఉదాహరణగా తీసుకుంది. పల్లె వైద్యం మీద రాసినాయన పాముకాటు మరణాల్లో నన్ను చేర్చాడు. ఆ పుస్తకంలో నాకు వయసు కూడా ఇచ్చారు. ఇంకా ఎన్ని పుస్తకాల్లో ఉన్నానో వెతకడానికి ధైర్యం చాలలేదు.

శనివారం వెళ్ళి అవ్వను నిలదీశాను. "ఇంట్లో ఇంతమంది ఉంటే నా పేరే దొరికిందా నీకు?"

అవ్వ తడుముకోలేదు. "పేరు పెట్టకపోతే పాట దానికదే మనిషిని వెతుక్కుంటాది. బతికుండేవాళ్ళ పేరు పెట్టి, అయిపోయినాక మూడుసార్లు పిలవాల. మూడుసార్లూ పలికితే అది మూతపడతాది. అప్పుడు పిలుపందే దూరంలో ఉండింది నువ్వే గదా. పలుకుతావనే పెట్టినా. నువ్వు పలకలా."

"నీకేం తెలుసు, వాడు నన్ను కుక్కలెక్కన తోలినాడు!"

"వాడు తోలితే నా పిలుపు ఏం చేసింది రా?"

"ఆ తర్వాత వారం వారం పలికినాను గదా?" అన్నాను.

"అవి ఉత్త పిలుపులు. పాట ఎనకాల వచ్చిన పిలుపుకి పలకాల. అది ఆ పెట్టెలో ఉండాది."

"మళ్ళా పాడు, పలుకుతా."

"అప్పుడు రెండు పాటలు తెరుచుకునుంటాయి. వద్దు."

నేను నమ్మానని చెప్పను. నమ్మలేదనీ చెప్పను. నాకు కావాల్సింది ఆ వాక్యం కొట్టివేయడం. రిజిస్ట్రారుకు అర్జీ పెట్టాను. మృతుడిగా పేర్కొన్న వ్యక్తి మీరే అనడానికి ఆధారం జతపరచండి అని జవాబొచ్చింది. ఆ పేరు ఏ రికార్డులోనూ లేదు. బతికున్నానని ఎవరైనా రాసిస్తారు, చచ్చినవాడు నేనేనని ఎవరు రాసిస్తారు? ఇంకో అర్జీ రాసి, సంతకం పెట్టి, ఈసారి స్వయంగా ఇద్దామని సెలవు పెట్టి బయల్దేరాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ముందు ఆ పరిశోధకుణ్ణి వెతికాను. అక్కడే లెక్చరరయ్యాడు. కొంచెం లావెక్కాడు.

"తమ్ముడూ, మీ అవ్వగారికి ఇంకో మనవడు ఉండేవాడనుకున్నాను," అన్నాడు. "రాసేటప్పటికి టేపు ఒక్కటే నా ముందుంది."

"నేను రెండుసార్లు పలికినా సార్. అది కూడా టేపులో ఉండాలి."

"అదా! గేదె అరుపనుకుని వదిలేశాను."

ఇది కూడా గుర్తుపెట్టుకున్నాను. టేపు వినిపించమని పట్టుబట్టాను. గది తలుపు వేసి పెట్టె బల్ల మీద పెట్టాడు. "ఈసారి నా ఊపిరి తగిలినా పర్వాలేదా సార్?" అన్నాను. అతను మీట నొక్కాడు.

అవ్వ గొంతు వచ్చింది. అప్పటి గొంతు, పళ్ళన్నీ ఉన్న గొంతు. మా కోళ్ళ చప్పుడు, ఎండకు చిటచిటలాడే పెంకుల చప్పుడు కూడా వచ్చింది. పాట అయింది. మొదటి పిలుపు. ఎక్కడో బావి అడుగునుంచి "ఊ". రెండో పిలుపు. మళ్ళీ "ఊ", ఉక్రోషంగా. ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో అనిపించింది. మూడో పిలుపు వచ్చింది. ఆ తర్వాత కిరకిర.

నేను ఏళ్ళ తరబడి గుర్తుంచుకున్న దానికంటే ఆ ఖాళీ పొడుగ్గా ఉంది. అందులో అవ్వ ఊపిరి వినిపిస్తోంది. ఆమె ఎదురుచూస్తోంది.

"ఉండానవ్వా," అన్నాను. "ఈడనే ఉండా."

లెక్చరరు నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. టేపు కాసేపు తిరిగి టక్కున ఆగింది. గోడ గడియారంలో పదకొండు దాటింది.

అర్జీ ఇవ్వడానికి ఆఫీసుకు వెళితే గుమాస్తా సెలవులో ఉన్నాడు. జేబులో పెట్టుకుని బస్సెక్కాను. పొద్దుగూకే ముందు ఉదయగిరి చేరాను. అవ్వ వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"అన్నం తిన్నాన్రా ఈపొద్దు, రెండుసార్లు," అంది. "పదకొండప్పుడు పలికినావు గదా. ఇనపడింది."

చేట అంచు పట్టుకుని పక్కన కూర్చుండిపోయాను. కొంతసేపటికి అర్జీ తీసి చూపించాను. నేను చచ్చానని ఆ మూడు పుస్తకాల్లో ఇంకా ఉందని, అది కొట్టించేదాకా ఊరుకోనని చెప్పాను.

"ఉండనీరా," అంది. "ఎప్పుడన్నా చావు నీకోసరం వస్తే, ముందు ఆ పుస్తకాల కాడికి పోయి చూసుకుంటాది. అయిపోయినాడని రాసుండాది గదా. తిరిగి పోతాది."

ఆ అర్జీ నేను ఇవ్వలేదు. నా ట్రంకుపెట్టెలో అలాగే ఉంది. నా పేరు కృతజ్ఞతల్లో లేని విషయం మాత్రం నేను వదిలిపెట్టలేదు. దాని మీద ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను.