మేనత్త నడిపించిన పాత సాఫ్ట్‌వేర్

మా మేనత్త పోయిందని కోరుట్ల నుంచి బావ ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లల, మా ఇంట్లనే, కంప్యూటర్ ముందట కూసున్న. బావ చెప్పింది చెవుల పడ్డది గని మనసుకు ఎక్కలేదు. “ఏ అత్తమ్మ?” అని అడిగిన. నాకున్నది ఒక్కతే మేనత్త.

కోరుట్లల ఆమె టైపు నేర్పేది. టైపు మిషన్లు పోయినంక కంప్యూటర్ నేర్పింది. గల్ఫ్‌కు పోయేటోళ్లు, వాళ్ల ఇంటి ఆడోళ్లు చానామంది ఆమె దగ్గర నేర్చుకున్నోళ్లే.

మాది మరమగ్గాల ఇల్లు. చీర అంచుల డిజైన్లు నేను కంప్యూటర్ల ఒక సాఫ్ట్‌వేర్‌తోని గీస్త. ఆ సాఫ్ట్‌వేర్ పాత విండోస్ కోసం చేసింది. కొన్నేండ్ల కింద మా కంప్యూటర్ కాలిపోతే, దుబాయి నుంచి వచ్చిన మరిది తన లాప్‌టాప్ ఇచ్చిండు. దాంట్ల ఉన్నది విండోస్ గాదు, లినక్స్. జగిత్యాలల రిపేరు దుకాణంల చూపిస్తే, దీంట్ల మీ సాఫ్ట్‌వేర్ నడువది, కొత్తది తీసుకోండ్రి అన్నరు. కొత్తదాంట్ల మా పాత డిజైన్లు తెరుచుకోవు. పెండ్లిళ్ల కాలం. పనోళ్లు పొద్దుగాల వచ్చి, నా మొఖం చూసి, మర్లిపోతుండ్రి.

అత్తమ్మ బస్సెక్కి వచ్చింది. సర్వపిండి డబ్బా నా చేతుల పెట్టి, లాప్‌టాప్ ముందట కూసున్నది. విండోస్ ఎక్కియ్యలేదు. నడుమ ఇంకోటేదో పెట్టింది. సాఫ్ట్‌వేర్ విండోస్‌ను అడిగిన పనిని అది లినక్స్‌తోని చేయించి ఇస్తదట.

“మరి దానికి తెల్వదా, వేరే కాడ నడుస్తున్ననని?” అని అడిగిన.

“తెల్వది. మనం చెప్పొద్దు,” అన్నది, నవ్వకుంట.

తెర మీద ఎర్రక్షరాలు వస్తే నేను భయపడి మూసెయ్యబోయేది. ఆమె నా చెయ్యి పట్టుకొని, ఒక్కొక్క మాట పైకి చదివేది. “తిడుతలేదు బిడ్డా. ఏడ ఆగిందో చెప్తున్నది.” అర్థం గానప్పుడు అద్దాలు తీసి ఒళ్లె పెట్టుకొని, నాకు సమజ్ గాలే అని మంచి కబురు చెప్పినట్టు చెప్పేది.

మరునాడు మాపటికి మా పాత మామిడి పిందెల అంచు డిజైన్ తెర మీద తెరుచుకున్నది. ఎట్లయిందని అడిగితే, సగం తనకూ తెల్వదన్నది. నాకు ఇంకింత గజిబిజైంది. గంతమందికి నేర్పిన మనిషి తెల్వదని గంత నిమ్మళంగ ఎట్ల చెప్తది?

మొన్న వానకాలం అది మళ్ల మొరాయించింది. ఫోన్ చేస్తే, వస్త అనలేదు, చదువు అన్నది. నేను చదివిన, ఆమె ఇన్నది. ఏదో ఫైలు లేదంటున్నదని చదువంగ చదువంగ నాకే తెలిసింది. ఆ ఫైలు ఎతికి పెట్టిన. తెరుచుకున్నది. మగ్గాలు ఆగలేదు. నేనేం జెయ్యలే, నువ్వే చదివినవని అత్తమ్మ ఫోన్ పెట్టేసింది.

దినాలైనంక బావ, నేను ఆమె నేర్పే గది తీసినం. కంప్యూటర్లు ఆన్ చేసినం. ఒక్కోటి ఒక్కో తీరు తెరుచుకున్నది. ఒకదాంట్లనైతే తెర లోపట ఇంకో తెర, ఆ లోపటి గడియారం బయటిదానికంటె ఎనుకకున్నది. ఏది ఏంట్ల నడుస్తున్నదో ఇద్దరికీ తెల్వలే. ముందుగాల ఏది బంద్ చెయ్యాలె అని బావ అడిగిండు. నాకు సమజ్ గాలే అని చెప్పిన. రెండు గడియారాలు దేని నిమిషం అది మార్చుకుంట పోతుంటె, అట్లనే చూసుకుంట నిలవడ్డం.