మరూషా కాపలా రాయి

పోయిన వారం ఒక సాయంత్రం, ఎడిసన్‌లోని మా ఇంటి ముందు తడి గడ్డి మీద చెప్పులు లేకుండా నిలబడాల్సి వచ్చింది. అంతకుముందే వాన వెలిసింది. చలి అరికాళ్ళలోంచి పిక్కల్లోకి పాకుతోంది. ఎదురుగా ఫైరింజన్ ఎర్ర దీపాలు తిప్పుతూ ఆగి ఉంది. పదహారేళ్ళ మా మనవరాలు మేఘన వంటింట్లో గ్యాస్ వాసన వస్తోందని కేకలు పెట్టి, 911కి ఫోన్ చేసి, మమ్మల్నందరినీ బయటికి తరిమింది. వచ్చినవాళ్ళు మూలమూలా వెతికారు. ఏమీ దొరకలేదు. ఏ మాత్రం అనుమానం వచ్చినా పిలవండని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళు అటు తిరగగానే మా అల్లుడు కిరణ్ మొదలుపెట్టాడు.

"ఏంటి మేఘనా ఇది? ముందు నాకు చెప్పాలి కదా, నేను చెక్ చేసేవాణ్ణి. చూడు, అందరూ విండోస్‌లోంచి చూస్తున్నారు. ఎంత ఎంబరాసింగ్‌గా ఉందో తెలుసా?"

"డాడీ, నాకు స్మెల్ వచ్చింది. రియల్లీ వచ్చింది."

"పోయిన నెల కూడా ఇలాగే అన్నావు."

ఆ చివరి మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. కిరణ్ చెడ్డవాడు కాదు. కష్టపడతాడు, మర్యాద తెలిసినవాడు, నన్ను "మామయ్యగారూ" అని తప్ప పిలవడు. కానీ ఆ ఒక్క మాటకు ఎంతమంది చచ్చిపోయారో అతనికి తెలియదు. అప్పుడే నా కాళ్ళ కింద ఉన్నది ఎడిసన్ గడ్డి కాకుండా పోయింది. స్పెయిన్ ఉత్తరపు ఒడ్డున, ఒక కొండకొమ్ము చివర, ఉప్పునీటి తుంపరతో ఎప్పుడూ తడిసి ఉండే గడ్డి అది. నా పక్కన నల్లకోటు తొడుక్కున్న మరూషా ఉంది. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

నేను బడిలో చదివింది తక్కువ. మిగతాదంతా పొట్లాల కాగితాల్లో, ఊరి గ్రంథాలయంలో, ఈ దేశం వచ్చాక అట్టపెట్టెల మీద అచ్చువేసిన ఇంగ్లీషులో చదువుకున్నాను. మా అక్క స్పాన్సర్ చేస్తే వచ్చాను. న్యూఆర్క్‌లో ఒక చేపల దుకాణంలో పని ఉందంటే వెళ్ళాను. దుకాణం మరూషాది. స్పెయిన్‌లో గలీసియా అనే వాయవ్య మూల ఆవిడ సొంత ఊరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. మా ఇద్దరి ఇంగ్లీషూ వంకరదే. ఆవిడ భాషలో నేను ముందు నేర్చుకున్నవి తిట్లు. ఆ మాటలన్నీ ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

"సముద్రం పక్కన పుట్టావా?" అని అడిగింది మొదటిరోజు.

"అవును మేడమ్. అందుకే సముద్రమంటే భయం."

చేపలు కోస్తున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మేడమ్ బ్యాంకులో ఉంటుంది. నేను మరూషాని. రేపు పొద్దున్నే రా" అంది. ఆ తర్వాత నేను మరూషమ్మా అని పిలిచేవాణ్ణి. అదేదో బిరుదు అనుకుని మురిసిపోయేది.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఏ పెట్టెలోనైనా చేప వాసన తేడాగా ఉందని ఎవరు కేకేసినా ఆ పెట్టె మొత్తం పక్కకు పోవాల్సిందే. తర్వాత అది మంచి చేపే అని తేలినా కేకేసినవాణ్ణి ఒక్క మాట అనడానికి వీల్లేదు. నేను మొదట్లో భయంకొద్దీ మంచి పెట్టెలు చాలానే తీయించాను. ఒకసారి సిగ్గుపడి, "తప్పైపోయింది మరూషమ్మా" అన్నాను. ఆవిడ కత్తి బల్ల మీద పెట్టింది. "నీ ముక్కు తప్పైతే పెట్టె పోతుంది. నువ్వు నోరు మూసుకుంటే మనిషి పోతాడు. ఇంకోసారి క్షమాపణ చెప్పావంటే ఉద్యోగం పోతుంది, ఓంబ్రే!" ఓంబ్రే అంటే మనిషీ అని. కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఆవిడకు అదే పిలుపు.

కొన్నేళ్ళకు ఆవిడ అన్న పోయాడని ఫోన్ వచ్చింది. ఏడవలేదు గానీ రెండుమూడు రోజులు గల్లాపెట్టె దగ్గర కదలకుండా కూర్చుంది. తర్వాత నన్ను పిలిచి, "నీకు గేరు బండి తోలడం వచ్చు కదా? నాతో స్పెయిన్ రావాలి" అంది. అన్నను చూసే అదృష్టం ఎలాగూ దాటిపోయింది. ఆవిడ భయం అన్న కొడుకు గురించి. అతని పేరు షోవాన్. వాళ్ళ ఇంటి వృత్తి పెర్సేబెస్ ఏరడం. కోడి కాలివేళ్ళలా నల్లగా, గరుకుగా ఉండే మంచి ధరకు అమ్ముడుపోయే ఒక రకం సముద్రపు జీవి అది. అల ఎక్కడ బలంగా కొడుతుందో సరిగ్గా ఆ రాతికే అంటుకుని బతుకుతుంది. దాన్ని ఇనుపబద్దతో పెళ్ళగించాలంటే రెండు అలల మధ్య కిందికి దిగాలి. తండ్రి పోయిన దగ్గర్నుంచి షోవాన్ ఒంటరిగా దిగుతున్నాడట. "ఒంటరిగా" అనే మాటను ఆవిడ రెండుసార్లు అంది.

బిల్బావోలో విమానం దిగి, అద్దె కారులో పడమటికి బయల్దేరాం. ఎడమచేతి వైపు కొండలు, కుడిచేతి వైపు సముద్రం. అంత పచ్చదనం నేను కోనసీమలో కూడా చూడలేదు. కానీ కోనసీమ పచ్చ ఎండలో మెరుస్తుంది. ఇది నీడలో నానిన పచ్చ. కొండవాలులో ఆవులు ఏ క్షణంలో జారిపడతాయో అన్నట్టు మేస్తుంటాయి. ఎలకలు ఎక్కకుండా రాతికాళ్ళ మీద నిలబెట్టిన ధాన్యపు కొట్లు మంచులోంచి ఉన్నట్టుండి బయటపడుతుంటాయి. మలుపు తిరిగితే కారు ముందు రోడ్డు ఉండదు, తెల్లటి పొగమంచు ఉంటుంది. దాని వెనకాల ఎక్కడో లోతులో సముద్రం రొద పెడుతుంటుంది. నా చేతులు స్టీరింగ్‌కు అతుక్కుపోయాయి. ఆవిడ ప్రతి మలుపు దగ్గరా "హారన్!" అని అరిచేది. అవతల ఎవరూ ఉండేవారు కాదు. మళ్ళీ మలుపు, మళ్ళీ "హారన్!" ఆ కొండల్లో ఎన్ని ఆవులకు నిద్రాభంగం చేశామో దేవుడికే తెలియాలి.

మధ్యలో అస్తూరియాస్ అనే ప్రాంతంలో ఒక సిద్రా కొట్టు దగ్గర ఆగాం. సిద్రా అంటే ఆపిల్ కల్లు. పోసేవాడు సీసాను తలకంటే పైకెత్తి, గ్లాసు నడుం దగ్గర పెట్టుకుని, దానివైపు చూడకుండా పోస్తాడు. సగం నేలపాలవుతుంది. అక్కడ ఆవిడ అడిగింది, "ఇన్నేళ్ళూ అడగలేదు. నీకు సముద్రమంటే భయం ఎందుకు?" అని. అంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గర. మా వీధిలో రేడియో ఉన్నది ఒక్క టైలరుకే. ఒకసారి తుఫాను హెచ్చరిక విని ఇల్లిల్లూ తిరిగి అందర్నీ లేపాడు. పిల్లల్నీ మూటల్నీ మోసుకుని బడి డాబా ఎక్కాం. ఏమీ రాలేదు. తెల్లారి దిగుతుంటే మొదలైన వెటకారం నెల దాటినా ఆగలేదు. "ఏం టైలరూ, ఇవాళ డాబా ఎక్కమంటావా, అరుగు మీద పడుకోమంటావా?" అని. ఆ తర్వాత రేడియో మళ్ళీ చెప్పింది. అతను విన్నాడు. బతికి బయటపడ్డ అతని భార్య మాకు చెప్పింది. విని రేడియో కట్టేశాడట. వెళ్ళి చెప్పమంటే, "పోయిన నెల కూడా ఇలాగే అన్నావు అంటారే. నవ్వుతారు" అన్నాడట. ఆ వేళ ఉప్పెన వచ్చింది. మా అమ్మానాన్నా, ఆ టైలరూ, వీధికి వీధే కొట్టుకుపోయింది. నేను తుమ్మచెట్టు కొమ్మల్లో చిక్కుకుని మిగిలాను.

మరూషా గ్లాసు అడుగున మిగిలిన చుక్కను అక్కడి అలవాటు ప్రకారం నేల మీద చిమ్మింది. "మా అన్న పని ఏమిటో తెలుసా? కేకలు పెట్టడం" అంది. వాళ్ళ ఊళ్ళో రాతి మీదికి దిగేవాళ్ళతోపాటు పైన ఒకడు కూర్చుంటాడు. వాడు ఏమీ ఏరడు. సముద్రానికి వీపు తిప్పకుండా చూస్తుంటాడు. అల అనుమానంగా కనిపిస్తే అరుస్తాడు. ఏరినదాంట్లో వాడికీ సమానవాటా. కేక వినగానే కిందివాళ్ళు ఎక్కి రావాలి. అల రాకపోతే, పైకొచ్చినవాడు కాపలావాడి భుజం మీద చెయ్యి వేసి, మాట్లాడకుండా మళ్ళీ దిగాలి. తిట్టకూడదు, నవ్వకూడదు. "మా అన్న బతుకంతా ఉత్తుత్తిగానే అరిచాడు. అందుకే మా ఊరివాళ్ళు ముసలివాళ్ళై మంచం మీద పోయారు" అంది.

ఆ ఊరు చేరాక షోవాన్ మమ్మల్ని బాగానే చూశాడు. బలమైన పిల్లవాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి. కాపలా మాట ఎత్తితే మాత్రం ఎగతాళి. "అత్తా, ఇప్పుడు ఫోన్‌లో అల ఎత్తు ముందే తెలుస్తుంది. నాన్న కాలం అయిపోయింది."

"ఫోన్ నీ పేరు పెట్టి అరుస్తుందా?" అందావిడ.

మర్నాడు పొద్దున అతనితోపాటు కొండకొమ్ముకు నడిచాం. అక్కడ కూర్చునీ కూర్చునీ నున్నబడిన ఒక రాయి ఉంది. ఆవిడ దాన్ని ఒకసారి తడిమి, నన్ను కూర్చోమంది.

"నేనా? నాకేం తెలుసు మరూషమ్మా?"

"నాకు చూపు ఆనదు. నీకు కళ్ళున్నాయి, భయం ఉంది. ఇంకేం కావాలి? వస్తున్న అలను చూడకు. దాని వెనక వచ్చేదాన్ని చూడు."

షోవాన్ తాడు పట్టుకుని దిగాడు. కింద రాయి నల్లగా, నోరు తెరిచిన జంతువులా ఉంది. మొదటి నీలినీడ కదలగానే అరిచాను. అతను ఎగబాకి వచ్చాడు. అల నురగై విరిగిపోయింది. మళ్ళీ అరిచాను. మళ్ళీ ఏమీ లేదు. అతను నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. "ఏంటత్తా, మీ ఇండియావాడు సబ్బు నురగను చూసినా అరుస్తాడా?" అని నవ్వాడు. "ఇందాక కూడా ఇలాగే అన్నాడు." మరూషా అతన్ని తిట్టిన తిట్లు నాకు అన్నీ అర్థమయ్యాయి. అతను నవ్వుతూనే దిగిపోయాడు.

ఆ నవ్వు నా గొంతులో అడ్డం పడింది. కాసేపటికి, దూరంగా నీటి రంగు మారినట్టనిపించింది. మబ్బు నీడో, అలో తెలియలేదు. నోరు తెరిచాను, మాట రాలేదు. టైలరు రేడియో కట్టేసిన చప్పుడు ఆ క్షణంలో నాకు వినిపించిందంటే నమ్ముతారా? సిగ్గు అనేది భయం కంటే ఎంత బలమైనదో నాకు అప్పుడు తెలిసింది. మరూషా నా మొహం చూసి వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఏం చూశావు?"

"ఏమో. ఏదో తెలియడంలేదు..."

"తెలియనప్పుడే అరవాలి, ఓంబ్రే!"

అరిచాను. ఏ భాషలో అరిచానో గుర్తులేదు. ఆవిడా నాతో కలిసి అరిచింది. కింద షోవాన్ విసుగ్గా తలెత్తి, మళ్ళీ వంగాడు. ఆవిడ కొండ అంచుకు వెళ్ళి, వాళ్ళ నాన్న అతన్ని పిలిచే ముద్దుపేరుతో అరిచింది. అప్పుడు తాడు పట్టుకున్నాడు. అతను సగం ఎక్కాడో లేదో కింద ఉన్న రాయి మాయమైంది. రాయి ఉన్నచోట నీళ్ళు, ఆ నీళ్ళ పైన నీళ్ళు. కొండ అదిరింది. తుంపర మా మొహాల దాకా వచ్చింది. తాడు ఒక్కటే బిగిసి వణుకుతోంది. తాడు చివర మనిషి ఉన్నాడో లేడో నీరు దిగేదాకా తెలియలేదు.

ఉన్నాడు. మోకాళ్ళ మీద పాకుతూ పైకొచ్చాడు. సంచీ పోయింది, ఇనుపబద్ద పోయింది, అరచేతుల తోలు లేచిపోయింది. అతను లేచి, నెత్తురు కారుతున్న చేతిని నా భుజం మీద వేశాడు. ఆ చొక్కా ఇప్పటికీ నా దగ్గరుంది.

నేను న్యూఆర్క్‌కు ఒక్కణ్ణే తిరిగొచ్చాను. మరూషా అక్కడే ఉండిపోయింది. దుకాణం అమ్మేయమంది. చూపు ఆనదన్న మనిషి కళ్ళకు ఆపరేషన్ చేయించుకుని, అన్న రాయి మీద కూర్చుంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తే, "ఇవాళ కూడా ఉత్తుత్తిగానే అరిచాను" అని గర్వంగా చెప్పేది. మొన్న చలికాలంలో పోయింది. మంచం మీద, నిద్రలో. షోవాన్ ఫోన్ చేసి చెప్పాడు. రాయి మీద ఇప్పుడు అతని భార్య కూర్చుంటోందట.

ధైర్యం, ధైర్యం అని ఊదరగొట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. భయపడ్డవాణ్ణి నోరు తెరవనిస్తే చాలు, మీ ధైర్యాలు ఎవరికి కావాలి? ఈ కోపంతోనే ఇది రాయడానికి కూర్చున్నాను. కానీ నిన్న సాయంత్రం జరిగింది చూశాక కోపం పోయి, పాత భయమే వచ్చింది. మేఘన వంటింట్లోకి వచ్చి ఠక్కున ఆగింది. ముక్కు ఎగబీల్చింది. హాల్లో హెడ్‌సెట్ పెట్టుకుని మీటింగ్‌లో ఉన్న వాళ్ళ నాన్న వైపు చూసింది. ఏమీ అనకుండా ఫ్రిజ్ తెరిచింది.

"స్మెల్ వచ్చిందా అమ్మా?" అన్నాను.

"నథింగ్ తాతయ్యా. మే బీ నా ఇమాజినేషన్."

"వచ్చిందా, రాలేదా?"

"ఐ డోంట్ నో. నాకు తెలీదు."

"తెలియదా? అయితే అరవాలి."

నా మొహంలో ఏం చూసిందో, అరిచింది. నేనే ముందు బయటికి నడిచి గడ్డి మీద నిలబడ్డాను, ఈసారి కూడా చెప్పులు లేకుండానే. ఫైరింజన్ వచ్చింది, వెతికింది, వెళ్ళింది. ఏమీ లేదు. నేను మేఘన భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాను. మెడలో హెడ్‌సెట్ వేలాడుతుండగా కిరణ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నోరు తెరిచాడు.

"లోపలికి పదండి మామయ్యగారూ, కాళ్ళు తడిసిపోయాయి" అన్నాడు. పోయిన వారం మాట మాత్రం ఎత్తలేదు.