అవ్వ దులిపిన కాగితాలు

తెలంగాణ రాకముందు సంగతి. గాలిలోని రసాయనాల మీద పీహెచ్‌డీ చేస్తూ గోదావరిఖనిలో మరియమ్మ అవ్వ ఇంట్లో ఒక గదిలో ఉండేదాన్ని. ఆమె భర్త బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ల డాబా మీద గాలిని లాగే యంత్రం పెట్టి, అందులో రోజుకొక తెల్ల కాగితం మార్చేదాన్ని. కాగితానికి పట్టిన దుమ్మును పరీక్షించడమే నా పరిశోధన.

ఎనిమిదో రోజు స్నానం చేసి వచ్చేసరికి అవ్వ, నేను కాగితాలు దాచుకునే పెట్టె ముందు గుడ్డతో కూర్చుని ఉంది. ఏడు కాగితాలూ తెల్లబడ్డాయి.

“నల్లగైనయని దులిపి పెట్టిన బిడ్డా,” అంది.

“నా వారం పనంత ఖరాబ్ చేసినవ్ అవ్వా,” అని అరిచేశాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ వెంటనే నాకే సిగ్గేసింది.

జరిగింది ఫోన్‌లో చెబితే, నా పీహెచ్‌డీ గైడ్ సారు ఇక చాలు, యంత్రం తీసుకుని వచ్చేయమన్నారు. “ఇంకో వారం ఇవ్వండి సార్, పని కాకుండా నేను రాను,” అన్నాను. సరేనన్నారు.

అప్పుడు అవ్వను డాబా మీదికి తీసుకెళ్లి, ఆ యంత్రం ఏం చేస్తుందో మొదటిసారి చెప్పాను. మర్నాడు తీసిన కాగితాన్ని ముట్టకుండా చూసింది.

“గింత మసి మా ఆయన లోపటికి గూడ పోయిందా?”

“అది తెలుసుకునేందుకే అవ్వా.”

“అట్లయితే సక్కగ చూడు బిడ్డా. ఎవ్వర్నీ మీదికి రానియ్య.”

ఆ వారం అన్నంత పనీ చేసింది. ఆ కాగితాలతోనే నా పీహెచ్‌డీ పూర్తయింది. ఇప్పటికీ ఏ ఊళ్లో యంత్రం పెట్టినా, అదెందుకో ఆ ఇంటివాళ్లకు చెప్పాకే స్విచ్ వేస్తాను.