ఏటిసూతకంలో దెయ్యాల పండుగ

పదిహేనేళ్ళుగా తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్ వెనక కూర్చుంటున్నదాన్ని. వచ్చినవాళ్ళకు తాళాలు ఇవ్వడం, వేడినీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పడం, కొండ దిగివచ్చిన పిల్లలు గుండ్లతో మెట్ల మీదే నిద్రపోతుంటే వాళ్ళను దాటుకుంటూ నడవడం నా పని. అందుకే ప్రయాణమంటే నాకు ఏమంత సరదా ఉండదు. ఎవరైనా టూర్ అనగానే ముందు ఆ ఊరి లాడ్జిలో దుప్పట్లు ఎట్లా ఉంటాయోనని ఆలోచిస్తాను. అయినా పోయిన అక్టోబర్ చివర్లో ఇంటిల్లిపాదినీ బయలుదేరదీసింది నేనే. ఆ తప్పు ఇంకొకరి మీద వేయలేను.

ఆ ఏడు మాఘమాసంలో మా మామ చిత్తూరులో పోయారు. దాంతో ఏటిసూతకం, ఏడాదిపాటు పండుగలు లేవు, కొండెక్కడం లేదు. చిత్తూరులో ఇల్లు బాడుగకిచ్చి అత్తను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆమె ఏడవాల్సినంత ఏడ్చింది. ఏడుపు అయిపోయాక ఒక ప్రశ్న పట్టుకుంది. మా ఆయన యూనివర్సిటీలో ఎలక్ట్రీషియన్. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే అత్త కొడుకును అడగడం మొదలుపెట్టేది.

"అబ్బా, ఆ పొద్దు మీరు ఎంతసేపుండినారు ఆడ?"

"ఉండినాం లేమ్మా."

"నిప్పు పెట్టేసి అందరూ వొచ్చేసినారా? ఆయన్ని ఒక్కణ్ణే ఇడిసిపెట్టి?"

మా ఆయన బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పేవాడు.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. ఆ రోజు మేమంతా వీధి చివరిదాకా నడిచి, అక్కడ ఆగిపోయాం. అక్కణ్ణుంచి ఏం జరిగిందో మగవాళ్ళు చెబితే తెలియాలి, లేకపోతే లేదు. మామ ఒంటరిగా ఉండలేని మనిషి. క్షౌరానికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు తోడు వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలి. కరెంటు పోతే చాలు, అత్త ఏ గదిలో ఉందో పేరు పెట్టి మరీ వెతుక్కునేవారు. అట్లాంటి మనిషిని కట్టెల మీద వదిలేసి అందరూ వెంటనే తిరిగొచ్చారా అన్నదే ఆమె బాధ. ఇంకేమీ అడిగేది కాదు.

"చివరిదాకా ఉన్నామని చెప్పేయరాదా, ఆమె మనసు కుదుటపడుతుంది" అన్నాను మా ఆయనతో ఒకసారి. అట్లాంటి అబద్ధం ఎట్లా చెప్పేదన్నాడు. పోనీ నిజం చెప్పమంటే అదీ చెప్పలేదు. ఎనిమిది నెలలు ఇదే తంతు. పొద్దంతా కౌంటర్‌లో జనం అడిగే ప్రశ్నలు, ఇంటికొస్తే ఈ ప్రశ్న. నాకు నిజంగా విసుగొచ్చింది.

దీపావళి వచ్చి పోయింది. మా పాపకు పదేళ్ళు. పక్కింటి మిద్దె మీద టపాకాయలు పేలుతుంటే కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. రెండు రోజుల తరవాత నా ఫోన్‌లో ఒక ప్రకటన చూపించింది. బెంగుళూరు దారిలో ఉన్న ఒక పెద్ద ఆటల పార్కులో దెయ్యాల పండుగట. ప్రకటన నిండా నవ్వుతున్న గుమ్మడికాయలు, వాటి పక్కన నవ్వుతున్న పిల్లలు.

"ఇది పండగేనా? పోకూడదా?" అని పాప నన్ను కాదు, వాళ్ళ అవ్వను అడిగింది.

అత్త ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసింది. "ఇది మన పండగ గాదు గదా. మనది గాని పండగకు మనకు సూతకమేముంటాది? పోదాం పదండి" అని తీర్పు చెప్పింది. ఆమెకు ఇంట్లో ఒక్కతే ఉండటం ఇష్టం లేదని నాకు తెలుసు. నాకూ ఆ తీర్పు నచ్చింది. నవ్వే గుమ్మడికాయల వెనక ఇంకేం ఉంటుందోనని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

పాత కారులో తెల్లవారుజామునే బయలుదేరాం. చిత్తూరు దాటేటప్పుడు అత్త కిటికీ అద్దం దించి, ఊరు దాటిపోయేదాకా ఎత్తలేదు. బంగారుపాళ్యం దగ్గర లారీల వెనక అరగంట ఇరుక్కున్నాం. ముళబాగిలు దాటాక పాప వాంతి చేసుకుంది. హోటల్ చేరేసరికి నా నడుము నాది కాకుండా పోయింది.

చవక హోటల్ అని తెలిసే తీసుకున్నాం, నలుగురికీ ఒకే గది. ఫోటోలో కిటికీ ఉంది. గదిలో మాత్రం కిటికీ తెర ఉంది, తెర తీస్తే గోడ ఉంది. దుప్పటి మడతలు చూడగానే అది ఉతికిన దుప్పటి కాదు, తిరగేసి పరిచిన దుప్పటి అని నాకు తెలిసిపోయింది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయిని మార్చమని అడిగాను. "మారుస్తాం మేడం" అని నవ్వింది. ఆ నవ్వు నేను రోజూ నవ్వేదే. ఎప్పటికీ మార్చరని నాకు అర్థమై, మా ఇంటి నుంచి తెచ్చిన దుప్పటి పరిచాను.

పార్కు గేటు దగ్గర అత్త తెచ్చిన చిత్రాన్నం డబ్బా ఆపేశారు. బయటి తిండి లోపలికి రాకూడదట. "మా బిడ్డలకు మేము వొండుకొచ్చుకుంటే మీకేం నొప్పి?" అని అత్త గేటు మనిషితో వాదించి ఓడిపోయింది. కారు దగ్గరికి తిరిగి వెళ్ళి, ఎండలో నిలబడి నలుగురం ఆ డబ్బా ఖాళీ చేశాం. లోపల ప్రతి ఆటకూ గంట వరుస. నాలుగు నిమిషాల అరుపు కోసం గంట నిలబడటం పాపకు కష్టమనిపించలేదు, నాకే కాళ్ళు పీకాయి. మా ఆయన నీళ్ళ ఆటల్లో తడిసిన బట్టల సంచులు మోశాడు. అత్త ఒక బెంచీ మీద కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాసింది.

పొద్దు గూకగానే మామూలు దీపాలు ఆర్పేసి నారింజరంగు దీపాలు వేశారు. మొహాలకు తెల్లసున్నం లాంటిది పూసుకున్న మనుషులు వరుసల మధ్య దూరి పిల్లల్ని బెదరగొడుతున్నారు. మా పాప ఆ రోజు మొదటిసారి పకపకా నవ్వింది. కళ్ళూ నోరూ కోసి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ ముందు అత్త వంగి చూసింది. "తియ్యగుమ్మడి. పులుసుకు ఎంత బాగుండును" అంది. నాకూ నవ్వొచ్చింది. వచ్చినందుకు ఫలితం దక్కిందనుకున్నాను.

ఆ తరవాత ఒక నల్లటి కమాను దాటి లోపలికి వెళ్ళాం. అది శ్మశానం.

సినిమాల్లో లాగా సమాధిరాళ్ళు, వాటి మీద అస్థిపంజరాలు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మనవాళ్ళకు అర్థం కావాలనో ఏమో, మధ్యలో మన పద్ధతిలో కూడా ఒకటి కట్టారు. వెదురు పాడె, పక్కన మట్టికుండ, అడ్డంగా నిలువుగా పేర్చిన కట్టెలు, వాటి మీద తెల్లగుడ్డ చుట్టిన బొమ్మ. కింద ఎర్రబల్బు వెలిగించి పొగ వదులుతున్నారు. చుట్టూ కుర్రకారు కేకలు పెడుతూ సెల్ఫీలు తీసుకుంటున్నారు.

అత్త ఆగిపోయింది. వెనకవాళ్ళు తోస్తున్నా కదల్లేదు. కట్టెల్ని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మొగుణ్ణి ఎక్కడ పెట్టారో ఇదిగో ఇట్లా చూస్తోంది. ఆమెను తీసుకొచ్చింది నేనే కదా.

"అబ్బా, కట్టెలు ఇట్లనే పేరుస్తారా?" అని మా ఆయనను అడిగింది.

ఆయన చేతిలో సంచులతో గిర్రున తిరిగి బయటికి నడిచాడు. పాపకు ఇదంతా తెలియదు. అస్థిపంజరం పక్కన నిలబడి, "నాయనా, ఇట్ల తిరుగు, ఫోటో తియ్యి!" అని పిలిచింది. ఆయన తిరగలేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి గొంతు చించుకుని పిలిచింది. మెడ బిగబట్టుకుని, కమాను దాటిపోయేదాకా ఆ మనిషి వెనక్కి చూడలేదు. పాప ఏడుపు మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క నిమిషంలో నీళ్ళపాలయ్యాయని నాకు ఒళ్ళు మండింది. కారులో నేను ఆయనతో మాట్లాడలేదు.

హోటల్ చేరాక అత్త మెట్లెక్కలేదు. పార్కింగ్ పక్కన సిమెంటు అరుగు మీద కూర్చుండిపోయింది.

"లోపలికి రా అత్తా" అన్నాను.

"శ్మశానానికి పోయొచ్చి తలకు నీళ్ళు పోసుకోకుండా గడప ఎట్ల దాటేది?"

"అది థర్మాకోల్ అత్తా."

"నాకు తెలీదమ్మా అదంతా. బకెట్ తెప్పించు. మీరు గూడా పోసుకోవాల."

పడుకుంటే చాలు, ఇంకేమీ వద్దు అన్నట్టుంది నాకు. అయినా వెళ్ళి కౌంటర్ అమ్మాయిని బకెట్ అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చింది. అట్లా అడగకపోవడం మా వృత్తిలో పెద్ద విద్య. డ్రైవర్లు కార్లు కడుక్కునే కుళాయి గోడ పక్కనే ఉంది. నేను నీళ్ళు పడుతుంటే మా ఆయనకు కోపం వచ్చింది.

"బొమ్మలమ్మా అవి! బొమ్మల్ని సూసొచ్చి ఎవురన్నా నీళ్ళు పోసుకుంటారా?"

"బొమ్మలైతే నువ్వేంటికి తిరిగి సూడకుండా వొచ్చినావు? బిడ్డ మూడు తూర్లు పిలిసింది."

ఆయన సంచులు కింద పెట్టి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు. కుళాయి కట్టేశాను. కారులో పాప నిద్రపోతోంది.

"ఆ పొద్దు తిరిగి సూసినానమ్మా" అన్నాడు.

కొరివి పెట్టిన కొడుకు కుండ వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. పంతులు చెప్పాడు, చిన్నాయన చెప్పాడు, భుజం పట్టుకుని మరీ నడిపించుకొచ్చారు. ఈయన గేటు దగ్గర చెప్పులేసుకుంటూ తిరిగి చూశాడు.

"సూస్తే పోయినోళ్ళను ఎనక్కి లాగినట్టంట. నువ్వు రోజూ అదే అడుగుతాంటే, నా వల్లనే నాయన పోలేక ఈడనే ఉండాడేమో అనిపిస్తా ఉండాది. ఏమని చెప్పేది నీకు?"

ఎనిమిది నెలలు ఆ మనిషి పక్కనే పడుకున్నాను. అబద్ధం చెప్పమని సలహా ఇచ్చాను కానీ ఏం మోస్తున్నావని ఒక్కసారి అడగలేదు. నాకు సిగ్గేసింది. ఆయన మీద కోపం అప్పటికప్పుడు పోయింది, నా మీద వచ్చింది.

అత్త తిడుతుందేమోనని నేను భయపడ్డాను.

"తిరిగి సూసినావు గదా. ఏం కనిపించినాది?" అంది.

"కాటికాపరి. ముసిలాయన. నాయన పక్కనే దుంగ మీద కూసోనుండాడు, కర్ర మోకాళ్ళ మీద పెట్టుకుని."

"మీ తట్టు సూస్తా ఉండినాడా, ఆయన తట్టా?"

"నాయన తట్టే సూస్తా ఉండినాడమ్మా."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. తరవాత కొడుకు వీపు మీద చెయ్యి వేసి, "మంచి పని చేసినావు నాయనా. నువ్వు సూడకపోయింటే నాకెవురు చెప్పిందురు?" అంది.

ఆ మాటకు మా ఆయన తల వంచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. అత్త ఏడ్వనిచ్చింది. ఆ తరవాత లేచి, చీర మీదే రెండు బకెట్లు చన్నీళ్ళు పోసుకుని, మాకూ పోసింది. ఎవరం కాదనలేదు. తడిబట్టలతో హోటల్ మెట్లెక్కుతుంటే కౌంటర్ అమ్మాయి తువ్వాళ్ళు ఇచ్చింది, నేను అడగకుండానే.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. పలమనేరులో టిఫిన్‌కు ఆగినప్పుడు అత్త ఇంకో పొట్లం ఇడ్లీ కట్టించింది. చిత్తూరు దగ్గరపడుతుండగా మా ఆయన భుజం తట్టింది.

"మీ నాయన్ని పెట్టిన చోటికి పోనీ."

"ఆడోళ్ళు రాకూడదమ్మా."

"నిన్న పోయొచ్చినాను గదా" అంది.

ఆయన బండి తిప్పాడు.

పార్కులో ఉన్నట్టు ఏమీ లేదక్కడ. తుమ్మచెట్లు, బూడిద, ఒక రేకుల కొట్టం. కాపరి ముసలాయన కొట్టం నీడలో కూర్చుని ఉన్నాడు. మేము గేటు దగ్గర ఆగిపోతే, అత్త ఒక్కతే పొట్లం పట్టుకుని లోపలికి నడిచింది.

"ఎవురి తాలూకమ్మా?" అని అడిగాడాయన.

"మాఘమాసంలో వొచ్చినాయన. చిత్తూరాయనే."

ముసలాయన ఆలోచించాడు. "శానామంది వొస్తారు తల్లీ. గ్యాపకం లేదు" అన్నాడు.

"పర్వాలేదులే. నువ్వు తిను" అని పొట్లం విప్పి ఆయన ముందు పెట్టింది అత్త. ఎదురుగా ఉన్న దుంగ మీద కూర్చుని, ఆయన ఆఖరి ఇడ్లీ తినేదాకా లేవలేదు. మా ఆయన గేటు పట్టుకుని నిలబడి వాళ్ళిద్దరినీ చూస్తూనే ఉన్నాడు.